చెయ్యెత్తిన ఫోటో

డిసెంబర్ 29, సోమవారం

ట్రైన్‌లో సీటు దొరికింది. సెంబవాంగ్ నుంచి ఆఫీసు చేరేలోపు కొంత రాసేయొచ్చు. ఇంట్లో కూర్చుని రాస్తే అత్తయ్యగారు "ఏం రాస్తన్నావమ్మాయ్" అని పక్కన చేరతారు, మా అమ్మాయి నందిత భుజం మీంచి తొంగి చూస్తుంది.

నీలవేణి బే రిసార్ట్, తెలుక్ సెరి. ఫెర్రీ దిగాక వ్యాన్‌లో ఒళ్ళు హూనమయ్యేదాకా వెళ్తే ఆ ఊరొస్తుంది. నాలుగు కొట్లు, ఒక మసీదు, ఎండుచేపల వాసన. ఊరవతల ఇసక తిన్నె మీద మన కృష్ణప్రసాద్ అన్నయ్యగారు అక్కడివాళ్ళతో కలిసి కట్టించిన రిసార్టు. తలుపులు తీశాక మొదటి అతిథులం మేమే, సింగపూర్ తెలుగు కుటుంబాలు ఓ పది. రివ్యూలో ఏం రాయాలో కూడా ఆయనే గ్రూపులో పెట్టేశారు. స్వర్గం, అద్భుతం, అయిదు నక్షత్రాలు. అందరూ అదే కాపీ చేసి అంటించారు, ఒకావిడయితే ఆయన రాసిన "దయచేసి ఇలా రాయండి" అన్న ముక్కతో సహా.

నేను నక్షత్రాలు అలా పంచిపెట్టే రకం కాదు. పళ్ళ డాక్టరు దగ్గర్నుంచి దోసెల పిండి దాకా ఈ దేశంలో నేను రివ్యూ రాయనిది లేదు. ఆఫీసులో నా ఉద్యోగమే ఇంకొకరి రిపోర్టులో తప్పులు పట్టడం.

గది: విశాలంగా ఉంది. దిండ్లు ముక్కిన వాసన. బాత్రూంలో ఒక బల్లి, మర్యాద తెలిసినది, తన మూల దాటి రాలేదు. భోజనం: సాంబారులో పంచదార. ఎవరి పుణ్యమో తెలీదు, ఇడ్లీ మాత్రం మల్లెపువ్వులా ఉంది. పనివాళ్ళు: మంచివాళ్ళు, అడక్కుండానే నవ్వుతారు.

సముద్రం గురించి రేపు రాస్తాను.

డిసెంబర్ 30, మంగళవారం

ఈ రోజు కుదర్లేదు.

డిసెంబర్ 31, బుధవారం

సముద్రం.

ఆదివారం పొద్దున్న, టిఫిన్లకి ముందు. మోకాలి లోతులో నిలబడ్డాను, అంతే. నేను ఈత రానిదాన్ని, నా హద్దు నాకు తెలుసు. అల ఏదీ వచ్చి కొట్టలేదు. కాళ్ళ కింద ఇసక కరిగినట్టు పోయింది. తర్వాత నీళ్ళు నన్ను చెయ్యి పట్టుకుని నడిపించుకుపోయినట్టు లోపలికి తీసుకుపోయాయి. ఒడ్డు నా కళ్ళ ముందే వెనక్కి జరిగింది. చెయ్యెత్తాను. పిలిచాను. నోట్లోకి నీళ్ళు వచ్చాయి. మళ్ళీ చెయ్యెత్తాను.

ఎవరూ చూడలేదు.

నీళ్ళు పక్కకి లాక్కుపోయి లాక్కుపోయి, చేపల కోసం ఊరివాళ్ళు పాతిన గుంజల దగ్గర నన్ను వదిలేశాయి. గుంజని వాటేసుకున్నాను. అక్కడ వల చూసుకుంటున్న ఒకాయన పడవ తిప్పి వచ్చి నా జుట్టు పట్టుకుని పైకి లాగాడు. గుంజల నిండా గుల్లలు, అరచేతులు చీరుకుపోయాయి. ఆయన ఒడ్డున దింపితే, తడిబట్టలతో ఇసకలో నడిచి నడిచి రిసార్టు చేరాను. అందరూ టిఫిన్ల దగ్గర ఉన్నారు. "రా భువనా, వడలు చల్లారిపోతున్నాయి" అని పిలిచారు. కూర్చుని ఒక వడ తిన్నాను. ఎందుకు తిన్నానో తెలీదు. ఆకలేసింది.

మావారు టవల్ తేవడానికి గదికి వెళ్ళారట. వచ్చి టవల్ కప్పారు. చేతులు వణుకుతున్నాయి పాపం, నావి కాదు, ఈయనవి. "కాలు జారి ఉంటుంది" అన్నారు.

జారలేదు. నాకు తెలీదా నా కాలు.

జనవరి 2, శుక్రవారం

రివ్యూ పెట్టేశాను. ఒక్క నక్షత్రం. ఇడ్లీ గురించి మంచిగానే రాశాను, బల్లి గురించి కూడా. చివర ఇలా రాశాను: ఈ రిసార్టు ముందు సముద్రం మనిషిని లోపలికి లాగుతుంది. మోకాలి లోతు దాటకపోయినా లాగుతుంది. హెచ్చరిక బోర్డు లేదు, జెండా లేదు, చూసే మనిషి లేడు. నన్ను లాక్కుపోయింది. చెయ్యెత్తి పిలిచాను. ఒడ్డు మీంచి ఎవరూ చూడలేదు. దయచేసి నీళ్ళలో దిగకండి.

ఈయనకి చూపించాను. చదివి, "పెట్టాలా" అన్నారు. పెట్టాలి అన్నాను. అద్దాలు తుడుచుకున్నారు. ఈయనకి దూరపు చూపు ఆనదు, ఎప్పట్నుంచో చెబుతున్నాను డాక్టరుకి చూపించుకోమని.

జనవరి 4, ఆదివారం

పొద్దున్నే కృష్ణప్రసాద్ అన్నయ్యగారి ఫోన్.

"చెల్లెమ్మా, ఏంటమ్మా ఇది. ఏదన్నా ఉంటే నాతో చెప్పొచ్చుగా. ఊరంతా దండోరా వేయాలా?"

చెప్పానన్నాను. ఆ రోజే టిఫిన్ దగ్గర చెప్పాను. ఆయన "ఆయ్, సముద్రమన్నాక అలలుండవా" అని నవ్వి కొబ్బరి చట్నీ వడ్డించారు.

"బోర్డు పెట్టిస్తాలేమ్మా. ముందు అది తీసెయ్. నేను ఉన్నదంతా ఊడ్చి దాంట్లో పెట్టాను."

ఆయన మంచి చెయ్యలేదని నేననను. ఈ దేశం వచ్చిన కొత్తలో ఇల్లు దొరక్కపోతే వాళ్ళ హాల్లో మాకు పరుపు వేశారు. నందిత పుట్టినప్పుడు ఆస్పత్రికి కారియర్ మోశారు. అవన్నీ నాకు గుర్తున్నాయి. అలాగని సముద్రం లాగడం మానేస్తుందా?

తియ్యనన్నాను.

సాయంత్రానికి రిసార్టు వాళ్ళ జవాబు వచ్చింది నా రివ్యూ కింద. అతిథిగారూ, ఆ రోజు సముద్రం ప్రశాంతంగా ఉంది, మీరు ఎంత ఆనందంగా ఉన్నారో ఈ ఫోటోయే సాక్ష్యం అని. కింద నా ఫోటో. నీళ్ళ మధ్యలో నేను, చెయ్యెత్తి, నోరు తెరిచి. గ్రూపులో ఎవరో దానికి "భువన ఆంటీ ఫుల్ ఎంజాయ్" అని పేరు కూడా పెట్టారు.

నందిత చూసి, ఇక్కడి పిల్లల ఇంగ్లీషులో అంది: "మా, యు లుక్ సో హ్యాపీ వాట్. జస్ట్ డిలీట్ లా, ఎవ్రీబడీ టాకింగ్."

కొట్టాలనిపించింది. పందొమ్మిదేళ్ళ పిల్లని ఏం కొడతాను. "ఆ నోరు చూడు" అన్నాను. "నవ్వితే అలా తెరుస్తారా?"

చూసి, ఫోన్ నా చేతిలో పెట్టేసి గదిలోకి వెళ్ళిపోయింది.

జనవరి 5, సోమవారం

ఆ ఫోటో తీసింది ఈయనే.

జనవరి 6, మంగళవారం

చెయ్యి ఊపుతున్నానని అనుకున్నారట. అడిగితే అదే చెప్పారు. ఫోటో తీసి, టవల్ కోసం గదికి వెళ్ళారట. తర్వాత ట్రిప్ ఫోటోలన్నిటితో పాటు అదీ గ్రూపులోకి వెళ్ళిపోయిందట. ఎవరైనా అలాగే అనుకుంటారు. నేనైనా అనుకునేదాన్నేమో. సెలవులకి వచ్చి సముద్రంలో ఉన్న మనిషి చెయ్యెత్తితే ఇంకేమనుకుంటారు.

దూరపు చూపు ఆనదు ఈయనకి.

జనవరి 9, శుక్రవారం

ఇన్నాళ్ళూ నా పరువు గొడవ అనుకున్నాను. కాదు.

ఆఫీసు నుంచి వచ్చేసరికి అత్తయ్యగారు మంచం మీద పసుపు, కుంకుమ, కొత్త చీర పరుచుకుని కూర్చున్నారు. మొహం వెలిగిపోతోంది. మాఘ పౌర్ణమికి సముద్ర స్నానానికి వెళ్తున్నారట. ఎక్కడికని అడిగితే, "మీరెళ్ళొచ్చారే, కృష్ణప్రసాదు రిసార్టుకే. పెద్దవాళ్ళని ఉచితంగా తీసుకెళ్తాడంట. ధర్మాత్ముడు" అన్నారు.

అత్తయ్యగారిది అంతర్వేది పక్క ఊరు. మాఘ పౌర్ణమికి సముద్రంలో మునక్కపోతే ఆవిడకి ఆ ఏడు ఏడే కాదు. ఇక్కడికొచ్చిన దగ్గర్నుంచి అదే బెంగ.

సంగతి అర్థమైంది నాకు. నా ఒక్క నక్షత్రానికి జవాబుగా ముప్పై మంది పెద్దవాళ్ళ స్నానం. పూలు, హారతి, వీడియో. సముద్రం ఎంత మంచిదో చూడండి అని.

మన ఆడవాళ్ళు పర్వస్నానం ఎలా చేస్తారో నాకు తెలీదా. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, వరసగా, గోవిందా అంటూ మూడు మునకలు. ఒకరి కాళ్ళ కింద ఇసక పోతే చాలు, వరస వరసంతా పోతుంది. పైగా పౌర్ణమి పోటు. నేను దిగిన రోజున ఆకాశంలో ఉన్నది సగం చంద్రుడే.

అన్నం సయించలేదు.

జనవరి 10, శనివారం

అత్తయ్యగారికి చెప్పాను, మొత్తం. అరచేతులు చూపించాను. ఆవిడ నా చేతులు పట్టుకుని చూసి, "పాపం, గట్టిగా గీరుకున్నాయే" అన్నారు. తర్వాత, "నీకు సముద్రం అలవాటు లేదమ్మాయ్. ఒడ్డున పుట్టినవాళ్ళం, మమ్మల్ని ఏం చెయ్యదు. అయినా అబ్బాయి అక్కడే ఉన్నాడంటగా, కాలు జారిందన్నాడు" అన్నారు.

వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు గట్టిగా తోమాను.

జనవరి 13, మంగళవారం

బస్‌స్టాప్‌లో నిలబడి ఉన్నాం. బస్సు ఇంకా మలుపు దగ్గరే ఉంది. నాకు అద్దాలు పెట్టుకున్నా నంబరు కనపడలేదు. ఈయన చదివేశారు.

జనవరి 17, శనివారం

టోవా పాయోలో అన్నయ్యగారింట్లో కలిశాం అందరం. స్నానం యాత్ర ఏర్పాట్ల గురించి. తలా ఒక వంటకం. నేను పులిహోర చేసుకెళ్ళాను. పోట్లాటకి వెళ్తూ పులిహోర ఎందుకు చేశానంటే, ఒట్టి చేతులతో వెళ్తే అలిగిందంటారు. అలగలేదు నేను. నిక్షేపంగా ఉన్నాను.

భోజనాలకి ముందే లేచి చెప్పాను. చేతులు పట్టుకుని దిగడం సంగతి, పోటు సంగతి, ఇసక సంగతి. ఎవరూ అడ్డు రాలేదు. అందరూ నేలచూపులు చూస్తూ విన్నారు, పెళ్ళిలో ఎవరో తాగి మాట్లాడుతుంటే వింటారే, అలా.

కుమారమ్మ ఆంటీ ముందు వరసలో ఉన్నారు. ఆవిడ తాతగారు తెల్లదొరల రోజుల్లో విశాఖపట్నం వైపు నుంచి వచ్చి ఇక్కడి రేవులో పనిచేశారట. ఆవిడ పుట్టి పెరిగింది మా సెంబవాంగ్‌లోనే. పెద్దవాళ్ళందరికీ ఆవిడ మాటే మాట. ఆవిడ తమిళం కలిసిన తన తెలుగులో అన్నారు, "నీ మాట తప్పు అని చెప్పలే భువనా. ఆనా, నీళ్ళలో ఉన్న మనిషికి బయం. ఒడ్డులో ఉన్న మనిషి ఎవరు, అతను చెప్పనీ."

అన్నయ్యగారు వెంటనే, "అదీ మాట. బావగారూ, మీరక్కడే ఉన్నారుగా. ఫోటో కూడా మీరే తీశారు. చెప్పండి" అన్నారు.

ఈయన నీళ్ళు నమిలారు. గదంతా ఈయన వంకే చూస్తోంది. నేనూ చూశాను.

"కాలు జారిందనుకుంటా" అన్నారు. "నేను టవల్ కోసం వెళ్ళాను. నేను... నాకు సరిగ్గా కనపడలేదు."

అన్నయ్యగారు చేతులు చాచి, "అయిపోయింది. ఇంక భోజనాలకి లేవండి" అన్నారు.

నేను నా పులిహోర గిన్నెకి మూత పెట్టి, చంకన పెట్టుకుని బయటికొచ్చేశాను. అప్పటికే గరిటె అందుకున్న ఒకాయన దాన్ని గాల్లోనే పట్టుకుని నిలబడ్డాడు. ఈయన వెనకాల రాలేదు. ట్రైన్‌లో గిన్నె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పక్కనున్న చైనా అమ్మాయి వాసన పట్టి నవ్వింది. మూత తీసి ఆ పిల్లకి పెడదామనిపించింది, ట్రైన్‌లో తినకూడదు కాబట్టి ఊరుకున్నాను.

జనవరి 18, ఆదివారం

"మీరు చూశారా?" అని అడిగాను. మొదటిసారి అడిగాను అలా.

వరండాలో మొక్కలకి నీళ్ళు పోస్తున్నారు. "కనపడలేదు భువనా" అన్నారు, నావంక చూడకుండా. పోసిన కుండీకే మళ్ళీ పోశారు.

సరే. కనపడలేదు.

జనవరి 20, మంగళవారం

ఆఫీసులో ఒకమ్మాయి, తెలుగమ్మాయే, యూ టీ స్టేషన్ దగ్గర ఉంటుంది, మెల్లిగా అడిగింది: "అక్కా, మీకూ కృష్ణప్రసాద్ గారికీ ఏమన్నా పాత గొడవలున్నాయా, అందుకే రాశారంటున్నారు." ఇంకొకరు నాకు మెనోపాజ్ అన్నారట. ఇంకా నయం, దెయ్యం పట్టిందనలేదు.

పొమ్మనండి. రివ్యూ తియ్యను. ఎవరేమనుకున్నా తియ్యను. నన్ను గ్రూపులోంచి తీసేసినా తియ్యను. ఉగాదికి పిలవకపోతే ఇంట్లోనే పచ్చడి చేసుకుంటాను.

జనవరి 21, బుధవారం

గ్రూపులోంచి తీసేశారు.

జనవరి 24, శనివారం

ఎక్కడ్నుంచి మొదలుపెట్టాలో తెలియడం లేదు. మా బ్లాక్ కింద నీడలో సిమెంటు బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. పైకి వెళ్ళబుద్ధి కావడం లేదు.

మధ్యాహ్నం భోజనాలు. ఫెర్రీకి పేర్లు ఈ సాయంత్రానికల్లా ఇవ్వాలని అన్నయ్యగారు మెసేజ్ పెట్టారట. అత్తయ్యగారు పెరుగన్నం కలుపుకుంటూ కలుపుకుంటూ ఆగారు.

"ఒరేయ్ చైతన్యా" అన్నారు. "నీ పెళ్ళాం మాట నేను నమ్మలేదు. నీ మాట నమ్మాను. ఇప్పుడు నువ్వు చెప్పు. నన్ను ఆ నీళ్ళలో దిగమంటావా, వద్దంటావా?"

ఈయన తల ఎత్తలేదు. నందిత ఫోన్ పక్కన పెట్టింది.

"దిగమను, దిగుతాను" అన్నారు అత్తయ్యగారు. "నా పక్కన కుమారమ్మగారు. ఇద్దరం చేతులు పట్టుకుంటాం."

"వద్దమ్మా."

"ఎందుకని?"

"వద్దు."

"కాలు జారిందన్నావుగా."

కంచంలో చెయ్యి అలాగే ఉంది ఈ మనిషికి. "జారలేదమ్మా. లాక్కుపోయింది. నేను చూశాను" అన్నాడు. "మొదట చెయ్యి ఊపుతోందనే అనుకున్నాను, ఫోటో తీశాను. తర్వాత అరుపు వినపడింది. ఏవండీ, ఏవండీ అని. నాకు తెలిసింది. కాళ్ళు కదల్లేదు. ఫోన్ అలాగే పట్టుకుని నిలబడ్డాను. తల మునిగింది, మళ్ళీ కనపడలేదు. నేను గదికెళ్ళిపోయాను."

"గదికి ఎందుకురా?"

"టవల్‌కి."

"మనిషి మునిగిపోతే టవల్ ఎందుకురా?"

ఏడుస్తున్నాడు. యాభై రెండేళ్ళ మనిషి పెరుగన్నం ముందు కూర్చుని ఏడుస్తున్నాడు. నేను లేచి స్టవ్ కట్టేశాను. స్టవ్ మీద ఏమీ లేదు.

నాకు జాలి వెయ్యలేదు. ఇది నేను చూసుకోవడానికి రాసుకుంటున్న పుస్తకం కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. ఒళ్ళు మండింది. భయపడినందుకు కాదు. భయం ఎవరికి వెయ్యదు, నాకు వేసింది, దిగితే ఇద్దరం పోయేవాళ్ళం. నేను వడ తింటుంటే ఎదురుగా కూర్చుని కాలు జారిందన్నాడే, అందుకు. నలుగురిలో నన్ను పిచ్చిదాన్ని చేస్తుంటే పక్కన కూర్చుని చూశాడే, అందుకు. నేనే ఏదో అతిగా ఊహించుకున్నానేమోనని నా మీద నాకే అనుమానం వచ్చింది, అందుకు.

ఇంకో సంగతి కూడా రాయాలి. ఒడ్డు మీంచి ఎవరూ చూడలేదని నేను రాసిన రోజున నాకు తెలీదా? టిఫిన్ల దగ్గర ఈ మనిషి చేతులు అంతలా వణకడం చూశాక కూడా తెలీదా? నేను కూడా దూరపు చూపు అంటూ కూర్చున్నాను.

అత్తయ్యగారు చెయ్యి కడుక్కుని వచ్చి, కొడుకు వీపు మీద ఒక్కటి చరిచారు, గట్టిగానే. "కుమారమ్మగారికి నువ్వే చెప్పు. ఫోన్లో కాదు. వెళ్ళి మొహం చూసి చెప్పు" అన్నారు. తర్వాత నా దగ్గరికొచ్చి నా అరచెయ్యి తిప్పి చూశారు. మచ్చలు పడ్డాయి.

జనవరి 25, ఆదివారం

వెళ్ళాడు. కుమారమ్మ ఆంటీ ఇంటికి, మా బ్లాక్ నుంచి నడిచే దూరం. నన్ను రమ్మనలేదు, నేను వెళ్ళలేదు. వచ్చి చొక్కా మార్చుకుని, ఫోన్ తీసి గ్రూపులో ఏదో రాశాడు. నందిత చూసి నాకు చూపించింది, నేను గ్రూపులో లేనుగా. ఆ ఫోటోయే మళ్ళీ పెట్టి, కింద తెలుగులో రాశాడు:

"ఈ ఫోటో తీసింది నేను. భువన చెయ్యి ఊపడం లేదు, నన్ను పిలుస్తోంది. నేను చూశాను, వెళ్ళలేదు. టోవా పాయోలో అబద్ధం చెప్పాను. దయచేసి ఎవరూ అక్కడ దిగకండి."

"నాన్న సో జియా లాట్," అంది నందిత. చాలా ఘోరం అని దానర్థం, ఇక్కడి పిల్లల మాట. తర్వాత నా మెడ చుట్టూ చెయ్యి వేసి, "సారీ మా. ఐ ఆల్సో నెవర్ బిలీవ్ యు" అంది. ఏడవకూడదనుకున్నాను. ఏడ్చాను కాసేపు.

సాయంత్రానికి కుమారమ్మ ఆంటీ పేరు వెనక్కి తీసుకున్నారు. ఆవిడ తీసుకుంటే ఇంకెవరు వెళ్తారు. యాత్ర ఆగిపోయింది.

జనవరి 26, సోమవారం

కృష్ణప్రసాద్ అన్నయ్యగారు ఆఫీసు కిందికే వచ్చారు. మొహం పీక్కుపోయింది. కాఫీ ఇప్పించాను.

"నా కొంప ముంచావు చెల్లెమ్మా."

"కొంప మళ్ళీ కట్టుకోవచ్చు అన్నయ్యగారూ."

"యాత్ర ఆపేశాను కదా. ఇంకెందుకు, అది తీసెయ్. మనవాళ్ళెవరూ వెళ్ళడం లేదు."

"మనవాళ్ళే మునుగుతారా? చైనావాళ్ళు, మలయావాళ్ళు, జర్మనీవాళ్ళు వస్తారు. ఈత రానివాళ్ళు అన్ని భాషల్లోనూ ఉంటారు. జెండా పాతించండి, కాపలా మనిషిని పెట్టండి, కనపడేంత అక్షరాలతో బోర్డు పెట్టండి. నేనే వచ్చి చూసి, చూసింది రాస్తాను."

"అప్పుడు అయిదిస్తావా?"

"సాంబారు తిన్నాక చెప్తాను."

ఆయనకి నవ్వాలో వద్దో తెలియలేదు. కాఫీ సగంలో వదిలేసి వెళ్ళారు. మా నందితకి కారియర్ మోసిన మనిషి. వెనక నుంచి చూస్తుంటే బాధేసింది. పిలవలేదు.

జనవరి 29, గురువారం

ఇంట్లో ఆయన గిన్నెలు తోముతున్నాడు, బట్టలు మడత పెడుతున్నాడు. మాట్లాడటం లేదు నేను. తోమిన గిన్నెల్లో జిడ్డుంది. మళ్ళీ తోముకున్నాను.

ఫిబ్రవరి 1, ఆదివారం. మాఘ పౌర్ణమి

తెల్లారుతుండగా సెంబవాంగ్ పార్కు ఒడ్డుకి వెళ్ళాం. ఇది కుమారమ్మ ఆంటీ మాట. "ఎందుకు ఫెర్రీ ఎందుకు వ్యాన్. ఈ పాంతాయ్‌లోనే కదా మా అమ్మ మమ్మల్ని ముంచేది" అన్నారు. పాంతాయ్ అంటే ఒడ్డు. ఇది సముద్రం కాదు, కాలవ లాంటిది, అవతల జొహోర్ లైట్లు కనపడతాయి అని ఎవరో సణిగారు. "ఉప్పగా ఉందా లేదా" అన్నారు అత్తయ్యగారు. నోట్లో వేసుకుని చూశారు కూడా. ఉప్పగానే ఉందట.

తమిళుల మురుగన్ పండగ తైపూసం కూడా ఇవాళే. ఆంటీ మనవడు పాలకుండ ఎత్తుకోవాలి, అందుకని ఆవిడ తొందరపెడుతున్నారు. అయినా పెద్దవాళ్ళు చాలామందే వచ్చారు. గుళ్ళో కలిస్తే పక్కకి తప్పుకున్నవాళ్ళు ఇవాళ "భువనా, ఎక్కడిదాకా దిగొచ్చు" అని నన్నే అడిగారు. నేనే ముందు దిగి, కర్రతో గుచ్చి చూసి, మోకాళ్ళ దగ్గర ఆపాను. ఇంతకంటే ఒక్క అడుగు ముందుకేసినా ఊరుకోనని చెప్పాను. దూరంగా ఓడలు బాగుచేసే చోట దీపాలు ఇంకా ఆర్పలేదు.

వరసగా నిలబడ్డాం, చేతులు పట్టుకుని. నాకు ఒక పక్క అత్తయ్యగారు, ఒక పక్క ఆంటీ. భయం లేదని రాస్తే అబద్ధం. నీళ్ళు మోకాళ్ళకి తగలగానే అరచేతులు మండినట్టయింది. అత్తయ్యగారు నా చెయ్యి నొక్కారు. గోవిందా అన్నాం. కూర్చుని మునిగాం. లేచాం. ఇసక కాళ్ళ కిందే ఉంది.

ఆయన ఒడ్డున నిలబడ్డాడు, అందరి టవళ్ళూ భుజాల మీద వేసుకుని, బట్టల కొట్టువాడిలా. ఫోటో తియ్యమని ఎవరో అడిగితే ఫోన్ తేలేదన్నాడు.

మూడో మునక అయ్యాక నీళ్ళకి పసుపు కుంకుమ వెయ్యాలి. పొట్లం ఒడ్డున సంచిలో ఉంది. నేను ఒడ్డువైపు తిరిగి చెయ్యెత్తాను.

టవళ్ళన్నీ ఇసకలో పడ్డాయి. బూట్లతో, ప్యాంటుతో, కళ్ళజోడుతో నీళ్ళలోకి పరిగెత్తుకుంటూ వచ్చేశాడు. నీళ్ళు ఎగిరి ఆంటీ మొహాన పడ్డాయి. నా దగ్గరకొచ్చి, నా రెండు జబ్బలూ పట్టుకుని నిలబడ్డాడు. వగరుస్తున్నాడు. మోకాళ్ళ లోతు నీళ్ళు.

"ఎందుకొచ్చారు?" అన్నాను.

"చెయ్యెత్తావుగా."

"కుంకం పొట్లానికి."

వరసంతా నవ్వారు. అత్తయ్యగారు మాత్రం నవ్వలేదు. ఆయన వదల్లేదు నా జబ్బలు. ప్యాంటు నడుం దాకా తడిసిపోయింది. నేను కూడా విడిపించుకోలేదు, కాసేపు. తర్వాత, "వెళ్ళి పొట్లం తెండి, ఆంటీకి ఆలస్యమవుతోంది" అన్నాను. వెళ్ళి తెచ్చారు.

ఫిబ్రవరి 2, సోమవారం

ట్రైన్‌లో. సీటు దొరకలేదు, తలుపు పక్కన ఆనుకుని రాస్తున్నాను.

పొద్దున్న గుమ్మం బయట ఆయన బూట్లు ఆరబెట్టి ఉన్నాయి. ఆఫీసుకి చెప్పులతో వెళ్ళారు.

రివ్యూ తియ్యలేదు, తియ్యను. ఒక్క వాక్యం మాత్రం మార్చాను. "ఒడ్డు మీంచి ఎవరూ చూడలేదు" అన్నది కొట్టేసి, "ఒడ్డు మీద ఉన్నవాళ్ళు చూసినా రాలేరు" అని రాశాను. అది నిజం. చదివేవాళ్ళకి పనికొచ్చేదీ అదే.

రిసార్టుకి ఒక్క నక్షత్రమే. జెండా పాతేదాకా అంతే. ఇంట్లో మనిషికి ఎన్నివ్వాలో ఇంకా తేల్చుకోలేదు. బూట్లు ఆరనీ.